అంబలి తేట

చిరంజీవి తమ్ముడు జోయల్‌ను దీవించి అక్క రాస్తున్న ఉత్తరం. దేవుని దయతో నేను, మీ బావ, నాయన ఆరోగ్యంగానే ఉన్నాం. బళ్లారిలో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. ఫోనులో అయితే నువ్వు మధ్యలో మాట మారుస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబు. నాయన మోకాలి నొప్పి తగ్గింది, ఇంట్లో కర్ర లేకుండానే తిరుగుతున్నాడు. నీ పదో తరగతి సర్టిఫికెట్టు రేకు పెట్టెలో దొరికింది, దీంతోపాటే పంపుతున్నాను. కొత్త ఉద్యోగం బట్టల కంపెనీ ఆఫీసులో అని రాశావు గానీ కంపెనీ పేరు రాయలేదు. చెరువు ఎట్లుందని, చేపలు తేరుకున్నాయా అని అడిగావు. దానికి కొంచెం ఎక్కువ రాయాలి.

ఆరేళ్ల తర్వాత చెరువు నిండిందని పోయినేడు చేపల సంఘం వాళ్లు సంచుల్లో బొచ్చె చేపపిల్లలు తెప్పించారు. ఆ సంచుల మూతులు విప్పి పిల్లల్ని నీళ్లలోకి వంచినవాళ్లలో నువ్వూ ఉన్నావు. తర్వాత చెరువుకు నీళ్లు తెచ్చే వంక ఎగువన జీన్స్ బట్టలు ఉతికే షెడ్డు వచ్చింది. మొదట ఒడ్డున నత్తలు చచ్చాయి. రంగు నీళ్లలో ఎండ దిగక అడుగున నాచు కుళ్లింది. వేసవిలో బొచ్చెలు పొద్దున్నే నోళ్లు పైకి పెట్టి, గాలి అందక కొట్టుకొని తేలిపోయాయి. పైకొచ్చి గాలి పీల్చగలిగే కొర్రమీనులే కొన్ని మిగిలాయి. వాటినీ ఎవరూ కొనడం లేదు. కోస్తే వాసన.

నేను రోజూ వంక చెరువులో కలిసే చోటికి వెళ్లి నీళ్లు చూసి రాసుకునేదాన్ని, నీకు తెలుసు. రంగులకు పేర్లు నాకు వంటింట్లోనే దొరికాయి. నీలిమందు, వంకాయ తొక్క, పప్పు కడుగు. అన్నిటికన్నా మంచి రోజుకు అంబలి తేట అని రాసేదాన్ని. రాగి అంబలి రాత్రంతా ఉంటే పైన తేరుకునే నీళ్లు. ఆ పేరు నాకూ నా పుస్తకానికే తెలుసు.

జూన్‌లో వచ్చి నువ్వేమన్నావు? "అక్కా, ఆ పుస్తకం ఇయ్యి. పొల్యూషన్ ఆఫీసర్లకు నేను సూపిస్తా" అన్నావు. పేజీలు తిప్పుతూ, "షెడ్డు ఆపితే నీళ్లు ఎన్నాళ్లకు తేటపడతాండాయి?" అని అడిగావు. మీ బావ నవ్వి, "ఏమప్పా, నువ్వే ఆఫీసరు మాదిరి అడుగుతాండావే" అన్నాడు. నేనే పేజీ తీసి చూపించాను. ప్రతి అమావాస్యకూ షెడ్డు మూడు రోజులు మూస్తారు, మూసిన మూడో పొద్దుకు నీళ్లు తేరుకుంటాయి. పదకొండు అమావాస్యలు చూసి తేల్చిన సంగతి అది. పుస్తకం నీతోనే పంపాను.

జూలైలో ఆఫీసర్లు వచ్చిన వారం అమావాస్య లేదు. అయినా మంగళవారం షెడ్డు మూశారు. గురువారం పొద్దున ఆఫీసర్లు సీసాలతో దిగారు.

"మూడు దినాలు షెడ్డు మూసి పెట్టుకోని ఇబ్బుడు సూపిస్తాండావా దేవేంద్రా?" అన్నాడు మీ బావ షెడ్డు మేనేజరుతో.

"కరెంటు రిపేరన్నా. నీ చేపలకు సెప్పి మూయల్లనా?" అని నవ్వి, దేవేంద్ర ఆఫీసరు వైపు తిరిగాడు. "సూడండి సార్. ఈ పొద్దు అంబలి తేట మాదిరి ఉండాయి. ఈళ్లేమో నీలం నీలమని గోల."

నా చేతిలో ఉన్న బిందె కింద పెట్టేశాను. మీ బావకు అర్థం కాలేదు, ఎండకు కళ్లు తిరిగాయేమో అనుకున్నాడు. నీళ్లలో దోషం లేదని కాగితం వచ్చింది. ఆ కాగితం రాకముందే, ఆ శుక్రవారమే షెడ్డు తెరిచారు, శనివారానికి నీలిమందు దిగింది.

ఇప్పుడు నా తప్పు కూడా రాస్తాను. ఫిబ్రవరి పదకొండున, రాయదుర్గంలో బట్టల కొట్లో పనిచేస్తున్నానని మాకు చెప్పినవాడివి, వంకలో రంగు నీళ్లు వదిలే షెడ్డు పైపు మూత తిప్పుతూ కనిపించావు. నేను కంపచెట్ల వెనక నిలబడిపోయాను. ఇంటికొచ్చి ఆ రోజు రంగు రాశాను, మనిషిని రాయలేదు. పుస్తకంలో నేను దాచింది అదొక్కటే. జూన్‌లో నువ్వు వచ్చి అడిగితే, చేసినదానికి నొచ్చుకొని దిద్దుకోవడానికే వచ్చావని సంతోషపడ్డాను. అందుకే ఒక్క ప్రశ్న వేయకుండా ఇచ్చాను.

నువ్వు గమనించని సంగతి ఒకటుంది. నేను ముందు గోడ క్యాలెండరు మీద రాసి, ఆదివారం పుస్తకంలోకి ఎక్కిస్తాను. ఆ క్యాలెండర్లు నేను పారేయలేదు. పదిహేను రోజులు కూర్చొని పుస్తకం మళ్లీ రాశాను. ఫిబ్రవరి పదకొండు దగ్గర ఈసారి నీ పేరు రాశాను. దేవేంద్ర మాట, అది ఎక్కడిదన్న సంగతి కూడా రాసి కింద సంతకం పెట్టాను. పుస్తకం చేపల సంఘం పెద్ద బసప్ప దగ్గర ఉంది. రేపటి సోమవారం కాదు, ఆ పై సోమవారం అనంతపురం కలెక్టరాఫీసులో ఇస్తాం. ఎవరు చూశారని అడిగితే నేనే చూశానని చెప్తాను.

నాయనకు ఇంకా తెలియదు. నువ్వు రాసిన ఉత్తరం దిండు కింద పెట్టుకొని, వచ్చినవాళ్లకల్లా చదివించుకుంటున్నాడు. ఆ సోమవారానికి ముందు ఆదివారం మధ్యాహ్నం బస్సు దాకా ఆగుతాను. నువ్వు దిగితే నాయనకు నువ్వే చెప్పుకో. దిగకపోతే ఈ ఉత్తరం నకలు నా దగ్గర ఉంది, నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీ అక్క
సువార్త