మావాడున్న హిందీ సినిమా

గుండుగొలను, మంగళవారం

ఏలూరు సినిమాహాలు మేనేజరు గారికి యేసమ్మ వందనాలండి.

ఫోనులో అయితే ఏడుపొచ్చి మాట పెగలదండి. అందుకని రాసి, ఆటో నడిపే మా ఏసుబాబుతో పంపుతున్నాను. మీ హాల్లో ఆడుతున్న ఆ నవ్వుల హిందీ ప్రేమ సినిమాలో మా అబ్బాయి ఎడ్విన్ ఉన్నాడండి. కొల్లేట్లో షూటింగప్పుడు హీరో కూర్చున్న దోనె గెడ కర్రతో తోసేడు. నెల తిరక్కుండా కామెర్లొచ్చి పోయేడు. ఈ ఆదివారానికి ఏడాది. మా సంఘంలో సినిమాల జోలికెళ్ళరు. అయినా పదిమందిమి వస్తున్నాం. ముందు మీ గేటు దగ్గర నిలబడి ప్రార్థన చేసుకుంటాం. శుక్రవారం సినిమా మార్చేస్తారంటున్నారు, మార్చకండి బాబూ.

ఇట్లు,
ఎడ్విన్ వాళ్ళమ్మ

ఇంకో మాట: మావి పెద్ద గొంతులండి. మా సంఘంలో పాటలు పాడించే జీవరత్నం గారు డోలు కూడా తెస్తారు.

ఏలూరు, బుధవారం

యేసమ్మ గారికి మేనేజరు నరసరాజు నమస్కారాలు.

మీ అబ్బాయి సంగతి చదివి బాధపడ్డానండి. కానీ సినిమా తీసింది ముంబై వాళ్ళు. మేం ఆడిస్తామంతే, ఆ దోనెకీ మాకూ సంబంధం లేదు. పోస్టరు మీద ముద్దుకి పాత పేపరు అంటించేశాం. ఆదివారం దాకా సినిమా ఉంచమంటున్నది ఎందుకో మాకు తెలుసు, గేటు దగ్గర కార్యక్రమం మాత్రం వద్దండి. అంత ఇబ్బందైతే శుక్రవారమే సినిమా తీసేస్తాం.

ఇట్లు,
నరసరాజు

తా.క.: మీ వెనక ఏ పార్టీ ఉందండీ?

గుండుగొలను, గురువారం

నరసరాజు గారికి, యేసమ్మ.

మీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదండి. తీసేస్తే వాడు రెండోసారి పోయినట్టే. హిందీది కదా, జనం రావట్లేదేమో మీకు. కంగారు పడకండి, నలభైమందిని తెస్తాను. పెదవేగి నుంచి మా తమ్ముడు ట్రాక్టరు పెడతానన్నాడు. పోస్టరుకి పేపరెందుకండీ? పీకించెయ్యండి. దాని కింద మావాడుంటే?

నా వెనక ఎవరూ లేరండి. ఆయనా ముందే పోయారు.

ఇట్లు,
యేసమ్మ

ఇంకో మాట: పులిహోర కట్టుకొస్తున్నాం. ఎన్ని ఆటలైనా కదలం.

ఏలూరు, శనివారం

అమ్మా యేసమ్మ గారూ,

ట్రాక్టర్లు వద్దండి! సినిమా ఉంటుంది, తియ్యను. పేపరు పీకించాను, దాంతోపాటు హీరోయిన్ చెంప కూడా ఊడొచ్చింది. రేపు మీరొచ్చేసరికి గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు ఉంటారు. మా ఆవిడ నన్ను సెలవు పెట్టమంటోంది.

మీ నరసరాజు

తా.క.: హాలు అద్దాలు కొత్తవండి.

గుండుగొలను, సోమవారం

నరసరాజు గారు చల్లగా ఉండాలి.

మాలాంటోళ్ళకి పోలీసుల్ని ఎదురు పంపించారు, ఎంత మర్యాదండీ! పాపం, పులిహోర రెండేసి సార్లు పెట్టించుకున్నారు. నేను టిక్కెట్టడిగితే మీరు గోడకి చేరబడిపోయి "చూడ్డానికా అమ్మా?" అన్నారు. మరెందుకండీ?

దోనె వచ్చింది. హీరో, ఆ అమ్మాయి, కొంగలు, గెడ, అన్నీ ఉన్నాయి. మావాడు లేడండి. గెడ పట్టుకున్న మోచెయ్యి దాకా ఉంచి, మిగతాది కోసేశారు. లేచిపోదామని పక్క సీట్లో ఉన్న మా సంఘం లిడియా చెయ్యి పట్టుకున్నాను. అంతలో ఆ హిందీ మాటల మధ్యలోంచి వాడి గొంతు!

"తల దించండి బాబూ, వల తగులుద్ది!"

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వేశానండి. ఏడాదై మొహం ఫొటోలో చూసుకుంటున్నాను గానీ, గొంతు ఎక్కడా దొరకలేదు. అదేమో మీ దగ్గరుంది.

ఇట్లు,
ఎడ్విన్ వాళ్ళమ్మ

ఇంకో మాట: ఆ హీరో బాబు తల దించలేదు. వల తగిలి నీళ్ళలో పడ్డాడు. మావాడు చెప్పేడు కదండీ.