కారు కింద నుంచి బయటపడ్డాను

చిజుకో, ముందే చెబుతున్నాను, నాకు దెబ్బలేమీ తగల్లేదు. ఎవరైనా వేరేగా చెబితే నమ్మకు.

నీ కాన్పు వేళకు కారు సిద్ధంగా ఉండాలని నిన్న పెరట్లో ఇంజిన్ ఆయిల్ మార్చబోయాను. జాకీతో ఎత్తి కిందికి దూరుతుంటే అమ్మ స్టెప్నీ దొర్లించుకొచ్చింది.

“ఇది కూడా కింద పెట్టుకోరా, షిగెయో.”

“నీకేం తెలుసమ్మా, అడ్డం లే!” అని కసిరాను.

ఆమె వినకుండా దాన్ని పడుకోబెట్టి లోపలికి తోసింది. ఆయిల్ దింపే బోల్టు బిగుసుకుపోయి ఉంటే బలంగా లాగాను. మంచు కరిగి మెత్తబడిన మట్టిలో జాకీ ఒరిగిపోయింది. కారు స్టెప్నీ మీద కూలింది. నా ఛాతీకీ ఇనుముకీ మధ్య జానెడు కూడా లేదు. పక్కింటి ఒగాసవారా గారు వచ్చి కారు ఎత్తేదాకా అమ్మ నా పాదం పట్టుకుని, “మాట్లాడుతూ ఉండరా, ఆపకు” అంటూనే ఉంది.

డాక్టరు చెప్పిన తేదీ మారిందా? బిడ్డ బాగా కదులుతోందా? నా ఆకుపచ్చ స్వెట్టర్ అక్కడ మీ పుట్టింట్లో ఉందేమో చూడు. కారు ఇంకా సిద్ధం కాలేదు, ఆదివారం రైల్లో వస్తాను. అత్తయ్యగారికి నమస్కారాలు.

నీకూ అమ్మకూ పడదని తెలుసు. అయినా ఆమెకు రెండు మంచి మాటలు రాయి. నిన్న కసిరినందుకు క్షమించమని అడగడానికి నాకింకా నోరు పెగలడం లేదు.

షిగెయో