సెకనుకు రెండు వేల చిటుకులు

సిర్కా వదినకు,

రెండు వీధుల అవతల ఉన్న నీకు ఉత్తరమేమిటనుకోకు. ఫోనులో అయితే మళ్ళీ పోట్లాట అవుతుంది. నీ చెల్లి చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. రాస్తున్నాను.

పొద్దున హెల్కా రెండు చెంచాల గంజి తాగింది. మధ్యాహ్నం ఆవిరిగదికి తీసుకెళ్ళమంది. వేడి ఎక్కువ కాకుండా చూడమని నర్సు ఒప్పుకుంది. కింది బల్ల మీద కూర్చోబెట్టి, కాలిన రాళ్ళ మీద చుక్కలు చుక్కలుగా నీళ్ళు చల్లాను. ఒక్కొక్క చుక్కా చిటుక్కుమంది.

"ఇది గరుకు. పిసినారీ, గరిటెడు పొయ్యి!" అంది.

పోశాను. చిటుకులన్నీ కలిసిపోయాయి.

"ఆఁ, ఇప్పుడు నున్నన" అని కళ్ళు మూసుకుంది. పక్క మీదికి చేర్చాక నిద్రపోయింది. చీకటి పడేసరికి ఊపిరి ఆగింది.

గరుకు, నున్నన అనేవి మా ఇంటి మాటలు. చిటుకులు కొన్ని, మధ్యలో నిశ్శబ్దం ఎక్కువ. అలాంటి శబ్దాన్ని కంప్యూటర్‌లో తయారుచేసి, పెద్ద గదిలో పాడినట్టు పాటకు ప్రతిధ్వని కట్టడం నా పని. సెకనుకు కొన్ని వందలైతే ఇసుకలా గుచ్చుకుంటాయి. ఎక్కడ పడతాయో తెలియకుండా రెండు వేలు పడితే, ఎడతెగని హోరుకన్నా మెత్తగా, ముఖమల్ గుడ్డలా వినిపిస్తాయి. శబ్దం తయారుచేసినవాడు దాని మీద తీర్పు చెప్పకూడదని మా లాబ్ నియమం. వాడు చిటుకుల కోసం వెతుకుతూ వింటాడు. అందుకని ఇంట్లో తీర్పు హెల్కాది.

మా లాబ్‌లో ప్రతిధ్వని పుట్టని గదిలో ఆమె ఒకసారి మీ అమ్మ జోలపాట పాడితే రికార్డు చేశాను. అది అంత్యక్రియల్లో వినిపించమన్నావు. ఉత్త గొంతు చలికి వణుకుతున్నట్టుంటుంది, చర్చి ప్రతిధ్వని చేరుస్తానన్నాను.

"మా చెల్లి గొంతుకు నీ పూత ఎందుకు? ఆ చర్చికి గోడలు లేవా?" అన్నావు. ఫోను పెట్టేశాను.

అప్పటినుంచి కుదురు లేదు. రెండు వేలు, మూడు వేలు, నాలుగు వేలు పెట్టి చూశాను. ఎన్ని పెట్టినా నాకు చిటుకులే వినిపిస్తున్నాయి. లేచి నడుస్తాను, కాఫీ పెడతాను, తాగకుండా మళ్ళీ కూర్చుంటాను. అడగడానికి మనిషి లేదు. నా చెవి మీద నాకు నమ్మకం పోయింది.

ఇవాళ చర్చిలో వినిపించి చూశాను. నేను కట్టిన ప్రతిధ్వని మీద చర్చి ప్రతిధ్వని పడింది. మాటలు ముద్దయ్యాయి, అది హెల్కా అనిపించలేదు. నా విద్యార్థి చేసి ఉంటే నవ్వేవాణ్ణి. తర్వాత ఉత్త గొంతు పెట్టాను. మొదటి చరణం పూర్తయ్యేలోపు ఆ రాతి గోడలు దాన్ని అందుకున్నాయి. నేను చిటుకుల కోసం వెతకలేదు. వెతకలేదన్న సంగతి కూడా పాట అయ్యాకే తెలిసింది.

నువ్వన్నదే నిజం వదినా.

రేపు పొద్దున అందరికన్నా ముందు వెళ్ళి, స్పీకరు శవపేటిక పక్కన నేల మీద పెడతాను. ఉత్త గొంతే పెడతాను. నువ్వు వెనక బల్ల మీద కూర్చో. నీ పక్కన కూర్చుంటాను. ఎలా ఉందని అడగను.

నీ మరిది,
తౌనో