జింకల పార్కులో రాజ్యం

నాచారం,
21-11-1978.

బావగారు అచ్యుతరావుగారికి పరంధామయ్య నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని రాయాలి గానీ, భార్యను మా ఇంట్లో వదిలేసి నిడదవోలులో ఎలా క్షేమంగా ఉంటున్నారో నాకు అంతుపట్టడం లేదు.

మా రాజ్యం శ్రావణంలో పదిరోజులుండి వెళ్తానని వచ్చింది. ఇప్పుడు కార్తీకం. ఏమైందని ఉత్తరం రాస్తే ఏమీ కాలేదని మీరు రాస్తారు. తనను అడిగితే ఏమీ కాలేదన్నయ్యా అంటుంది. ఏమీ కాకుండానే ఆడపిల్ల ఇన్నాళ్ళు అన్నగారింట్లో ఉండిపోతుందా? మీ ఇద్దరూ కలిసి నా బుర్ర తినేస్తున్నారు. మొన్న ఆదివారంతో ఉన్న కాస్త ఓపికా అయిపోయింది.

మా వీధిలో మన వైపు వాళ్ళం అయిదారు కుటుంబాలం ఉన్నాం. ఏటా కార్తీకంలో వనభోజనాలు తప్పవు. ఈసారి ఎక్కడా అనుకుంటుంటే, రైల్వేలో పనిచేసే సత్యనారాయణమూర్తి జింకల పార్కు అన్నాడు. వనస్థలిపురంలో ఉంది, ఒకప్పుడు నవాబులు వేటాడిన చోటట, ఊరి పక్కనే అడవి ఉండగా ఎక్కడికో పోవడం దేనికన్నాడు. వనమంటే వనమే కదా అని అందరూ తలలూపారు. అడవిలో వంట చేసుకోనిస్తారో లేదో కనుక్కుందామని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదనుకోండి, కానీ పెత్తనం నాది కాదుగా.

కట్టెలు, గుండిగలు, పనసపొట్టు, రెండు గుమ్మడికాయలు, పిల్లలు, అన్నీ ఒక మెటడార్ వ్యానులో కుక్కుకుని ఉప్పల్ మీదుగా వెళ్ళాం. గేటు దగ్గరే గార్డు ఆపేశాడు. “గీడ పొయ్యి ముట్టియ్యనియ్యం సారూ. గడ్డి అంత ఎండి ఉన్నది. జర నిప్పు వడ్డా అడవంత పోతది” అన్నాడు. ఉసిరిచెట్టు కింద వండుకు తినడం మా ఆచారమని సత్యనారాయణమూర్తి ఊరుకోకుండా వాదన పెట్టుకున్నాడు. “ఉసిరిచెట్టు మా ఇంటెన్క ఉన్నది, ఆడికి పోదాం పాండ్రి. గని ఆడ జింకలుండయి” అన్నాడు గార్డు. సామానంతా వ్యానులోనే వదిలేసి, అటుకులూ అరటిపళ్ళూ పట్టుకుని లోపలికి నడిచాం.

జింకలు ఎక్కడ కనిపిస్తాయండీ? మనవాళ్ళ గోలకి కాకులు కూడా వాలలేదు. సత్యనారాయణమూర్తి చంకలో ట్రాన్సిస్టర్, అందులో కరాచీ టెస్టు కామెంటరీ. మనవాళ్ళు ఓడిపోతున్న మ్యాచిని అడవిదాకా మోసుకురావాలా? పొద్దుట్నుంచీ అందరికీ రాజ్యమే కావాలి. రాజ్యం, మంచినీళ్ళేవీ? రాజ్యం, చాపలెక్కడ? రాజ్యం, పిల్లాడికి ముల్లు గుచ్చుకుంది చూడు. మా ఆవిడ హైమావతీ తనూ కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు తిరుగుతూనే ఉన్నారు.

ఇంతలో రాజ్యం కనపడలేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తెలియని అడవి, ఆడమనిషి. గొంతు చించుకుని పిలిచాను, పలుకు లేదు. గార్డు నా వెనకే పరిగెత్తుకొచ్చి, “జర మెల్లగ పిలువున్రి సారూ, జింకలు బెదురుతయి” అన్నాడు. మా చెల్లెలు కనపడకపోతే నీ జింకల గొడవేమిటయ్యా అని వాడి మీదా ఎగిరాను. మీకు ఏమని జవాబు చెప్పాలి నేను?

చివరికి ఒక తుమ్మపొద అవతల కనపడింది. నేల మీద చతికిలబడి కూర్చుంది. ఎదురుగా, రాయి విసిరితే తగిలేంత దూరంలో, జింకల మంద మేస్తోంది. మెలికల కొమ్ముల నల్లమగజింక ఒకటి తలెత్తి నన్నే చూసింది. నేను నోరు తెరిచేలోగా మా చెల్లెలు నన్ను, పెద్దవాడిని, పెదవుల మీద వేలు పెట్టి ఊరుకోమంది! ఒళ్ళు మండిపోయింది. కానీ దాని కళ్ళు తడిగా ఉన్నాయి బావగారూ. అప్పుడు కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. మీ మీద బెంగతోనే అలా ఒంటరిగా వెళ్ళి కూర్చుందని నాకు అర్థమైంది.

కాబట్టి బెట్టు చాలించండి. ఈ ఉత్తరం అందగానే బయల్దేరి వచ్చి మీ భార్యను తీసుకువెళ్ళండి. మీరు రాకపోతే నేనే తీసుకొచ్చి దింపుతాను. ఆ తర్వాత మీరూ మీరూ చూసుకోండి.

ఇట్లు,
ఓపిక నశించిన మీ బావ,
పరంధామయ్య.

తా.క.: కవరు అంటించేముందు ఉత్తరం రాజ్యానికి చదివి వినిపించాను. అంతా విని, బెంగ కాదన్నయ్యా, హాయిగా ఉండి కళ్ళు చెమర్చాయి, అంది. నేను పెట్టిన కేకలన్నీ వినపడ్డాయట. కావాలనే పలకలేదట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎవరూ తనను ఏదీ అడగకుండా గడిచిన గంట అదొక్కటేనట. మీ మీద కోపం లేదట. రోజూ ఒక గంట తనను ఎవరూ పిలవకుండా ఉంటామని మీరు ఉత్తరం రాస్తే, మర్నాడే బండెక్కుతుందట. ఇదేం షరతు, ఎక్కడైనా విన్నామా అని నేను కసురుకుంటుంటే, హైమావతి వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. రాజ్యం పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది. కాబట్టి మీరు ఇప్పుడే రావద్దు, ముందు ఉత్తరం రాయండి. మీరు ఏమని రాశారో చూసుకుని నేనూ మా ఇంట్లో మాట ఇవ్వాలి.