పళ్ళ ఆసుపత్రికి వంపు అక్షరాలు

బోర్డు అక్షరాలు గీసిన మాస్టారికి,

కొత్తగా ఆసుపత్రి తెరిచిన పళ్ళ డాక్టరమ్మ నమస్కారాలు. మీరు పంపిన బోర్డు మొన్న తగిలించాను. చాలా అందంగా ఉంది. తంటా అంతా అక్కడే వచ్చింది. "పళ్ళు నొప్పి లేకుండా కుదుర్చబడును" అనే కదా మీరు రాసింది? మీ వంపుల్లో తలకట్టు సాగి ఎత్వమైంది, కొమ్ము పైకి లేచి గుడి అయింది. వీధంతా దాన్ని "పెళ్ళి నొప్పి లేకుండా కుదుర్చబడును" అని చదువుతోంది. ఇవాళ నలుగురు వచ్చారు. ఒక్కరూ నోరు తెరవలేదు. సంచులు తెరిచి పెళ్ళీడు పిల్లల ఫోటోలు బయటికి తీశారు.

ఇట్లు,
పళ్ళ డాక్టరమ్మ

తా.క. ఒకాయన్ని కుర్చీలో పడుకోబెట్టి దీపం వేస్తే, "అమ్మాయిని చూపిస్తారనుకుంటే నన్ను చూస్తున్నారేంటి?" అన్నాడు.

డాక్టరుగారికి నమస్కరించి,

ఇటాలిక్ అక్షరాలు కాస్త వంగే ఉంటాయండి. కలం పట్టిన చెయ్యి ఆగకుండా సాగితే వచ్చే వంపు అది. వీటిని గీయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. శుభలేఖలకీ, అత్తరు డబ్బాలకీ, కవితల పుస్తకాల అట్టలకీ పనికొస్తాయనుకున్నాను. ఎవరూ తీసుకోలేదు. "బోర్డు చూస్తే జనానికి భయం పోవాలి" అని మీరు రాశారు కాబట్టి మీకిచ్చాను. భయమైతే పోయినట్టే ఉంది కదా? అనుమానం కూడా పోవడానికి, పక్కన అంటించేందుకు పన్ను బొమ్మ పంపుతున్నాను.

ఇట్లు,
అక్షరాల మాస్టారు

తా.క. పన్నుని కూడా అదే వంపులో గీశాను. పొంకంగా వచ్చింది.

మాస్టారికి,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేని డాక్టరమ్మ రాయునది. మీ పన్ను మల్లెమొగ్గలా ఉంది. ఇప్పుడు దండలు కూడా నేనే కడతానని పేరొచ్చింది. నిన్న నిజంగా దవడ వాచిన మనిషి గుమ్మం దాకా వచ్చి, లోపలి జనాన్ని చూసి, "పెళ్ళివారున్నట్టున్నారు, మళ్ళీ వస్తాలెండి" అని వెళ్ళిపోయాడు. ఆ వాపు తలచుకుంటే నాకు అన్నం సయించలేదు. ఇది నవ్వులాట కాదు. బోర్డు మార్చండి.

ఇట్లు,
పళ్ళ డాక్టరమ్మ

తా.క. నా వరండాలో కూర్చున్న రెండు కుటుంబాలకి సంబంధం కుదిరిపోయింది. అందులో నాకే సంబంధమూ లేదు.

డాక్టరుగారికి,

దవడ వాచిన మనిషి సంగతి చదివాక నాకూ నవ్వు రాలేదు. తప్పు నాదే. శుభలేఖని చేత్తో పట్టుకుని తీరిగ్గా చదువుతారు, బోర్డుని నడుస్తూ చదువుతారు. అది నాకు తట్టలేదు. ఆదివారం నేనే వచ్చి, నిటారు అక్షరాల బోర్డు పెట్టి పాతది తెచ్చేసుకుంటాను.

క్షమాపణలతో,
అక్షరాల మాస్టారు

తా.క. పాత అక్షరాలకే తోకలు కత్తిరించి చూశాను. క్షవరం చేయించి బడికి పంపిన పిల్లల్లా బిక్కమొహాలు వేశాయి.

అక్షరాల మాస్టారికి నమస్కారాలు.

పొద్దున ఒక పెద్దావిడ వచ్చారు. "మా వాడికి ముప్పై నాలుగేళ్ళు. అక్షరాల్ని తప్ప మనుషుల్ని చూడడు. బయట రాత అచ్చం వాడి చేతిదిలా ఉంటే నమ్మకం కుదిరి వచ్చాను. ఓ సంబంధం చూడమ్మా" అన్నారు. మాటల్లో పుచ్చిన దవడపన్ను కనిపించింది. ఎన్నాళ్ళుగా నొప్పి అంటే, "ఏడాదిగా. వాడికి చెప్పలేదు, పని మానుకుని నా వెంట తిరుగుతాడు" అన్నారు. బతిమాలి, మత్తిచ్చి పన్ను తీశాను. మీ అమ్మగారికి వారం రోజులు మెత్తటివే పెట్టండి. పళ్ళ ఆసుపత్రి అని తెలిస్తే చచ్చినా గుమ్మం ఎక్కేదాన్ని కాదన్నారు. కాబట్టి పాత బోర్డు ఇవ్వను. కొత్తది దాని కింద తగిలించండి.

ఇట్లు,
పళ్ళ డాక్టరమ్మ

తా.క. ఇక్కడ సంబంధాలు చూడం అని ఎంత చెప్పినా వినకుండా మీ ఫోటో నా చేతిలో పెట్టి, "నువ్వు చూడు, చాలు" అన్నారు. చూశాను. ఆదివారం కాస్త పెందలాడే రండి.