ఒకటి లెక్కపెట్టి నొక్కండి

కైస్లారంత,
నవంబరు 9

ప్రియమైన ఇల్మారీ,

ఫోను చూడకూడదు, టీవీ పెట్టకూడదు, పుస్తకం పట్టకూడదు అన్నారట డాక్టర్లు నీతో. అందుకని పదిహేనేళ్ల తర్వాత కాగితం ముందు కూర్చున్నాను. ఈ కోడిగీతలు చదివే ఖర్మ మాత్రం మీ ఆవిడ హెన్రీకాది. హెన్రీకా, బూతులు తగిలితే దాటేసి చదువు. వాడికి అవన్నీ కంఠతా వచ్చు.

నువ్వు మీ అత్తగారింట్లో చీకటి గదిలో పడుకుని మూడు వారాలైంది. ఇక్కడ మన ఐస్ హాకీ సంగతి అడగకు. ఆరు ఆడి నాలుగు ఓడాం. నీ స్థానంలో ఆడుతున్నవాడు మంచివాడే గాని, పక్ బిళ్ల వెనక్కి వచ్చినప్పుడల్లా నా కళ్లు నీకోసం వెతుకుతున్నాయి. వాడికి అది తెలుస్తోంది కూడా, పాపం.

మనం ఆడి బతుకుతామని జనం అనుకుంటారు. ఈ వారం మొత్తం మీద నేను మంచు మీద ఉన్నది గంటకు కాస్త తక్కువ. మిగతాది చెబుతా విను. సోమవారం ఆసుపత్రిలో పిల్లల వార్డుకు వెళ్లాం. ఒక పిల్ల నా నోట్లోకి తొంగిచూసి, "ముందు పళ్లు ఎవరు రాలగొట్టారు?" అంది. "ఇల్మారి అని ఒకడున్నాడులే" అన్నాను. "ఆయన మీ జట్టేగా?" "మా జట్టు కాబట్టే రెండింటితో వదిలాడు." అది పడీపడీ నవ్వింది. మంగళవారం చేపల దుకాణం రిబ్బను కత్తిరించాను, రెండు కిలోల తెల్లచేప ఇచ్చి పంపారు. బుధవారం మన గోలు కాచే స్లొవాక్ గోలీ రదోస్లావ్ భార్యకు నొప్పులొచ్చాయి. వాడేమో ఉత్తరాన ఎక్కడో బస్సులో ఉన్నాడు, నేను మోకాలి నొప్పితో ఊళ్లోనే ఉన్నాను. నేనే కారులో తీసుకెళ్లాను. మంత్రసాని నన్నే తండ్రి అనుకుని, "ఊరికే నిలబడతావేం, నడుం రుద్దు" అని కసిరింది. రుద్దాను. ఆడపిల్ల. గురువారం ఆటగాళ్ల ప్రతినిధి హోదాలో యాజమాన్యంతో రెండు గంటలు పోట్లాడి బస్సులో వెనక సీట్ల హీటరు బాగు చేయించాను. నాకు ముప్పై అయిదేళ్లు. ఆటకంటే ఈ పనులే నాకు బాగా వస్తున్నాయని మా ఆవిడ అంటోంది.

ఇంకొక సంగతి. ఈ నెల 27న లీగ్ వాళ్ల విచారణ. అక్టోబరులో నీ తలకు మొదటి దెబ్బ తగిలాక ఆరు రోజులకే నిన్ను ఆటకు ఎలా వదిలారని అడుగుతారు. వదలబట్టే కదా రెండో దెబ్బ తగిలింది. నువ్వు ఆడొచ్చని సంతకం పెట్టింది సైమి డాక్టరమ్మ. తప్పంతా ఆవిడదే అన్నట్టు అప్పుడే పత్రికలో రాసేశారు. మన తరఫున మాట్లాడాల్సింది నేను. ఏం మాట్లాడాలో ఇంకా తేల్చుకోలేదు.

బాగా నిద్రపో. వేరే పని కూడా లేదుగా నీకు.

నీ
ఏరిక్


కైస్లారంత,
నవంబరు 16

ప్రియమైన హెన్రీకా, ఇల్మారీ,

హెన్రీకా, ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు. వాడికి చదివి వినిపించాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేను మాత్రం నిన్ను దాటుకుని వాడితో మాట్లాడలేను. ఇదంతా నీ నోటితోనే చెప్పించాల్సి రావడం నాకు సిగ్గుగానే ఉంది.

ప్రతి ఆగస్టులోనూ ఆటలు మొదలు కాకముందు మా అందరికీ తల పరీక్ష పెడతారని నీకు తెలుసు. కంప్యూటరు ముందు కూర్చోబెడతారు. బొమ్మ కనబడగానే మీట నొక్కాలి, మాటలు గుర్తుపెట్టుకుని చెప్పాలి. ఆ అంకెలు దాచి ఉంచుతారు. తర్వాత ఎవరి తలకైనా దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష పెడతారు. అంకెలు ఆగస్టువాటికి దగ్గరగా ఉంటే ఆడనిస్తారు, లేకపోతే ఇంటికి పంపుతారు. పద్ధతి మంచిదే. దాన్ని పాడు చేసింది మేము.

పరీక్షకు ముందురోజు సాయంత్రం జట్టంతా ఆవిరిగదిలో కూర్చుంటుంది. కోచ్ అక్కడికి రాడు, డాక్టరు రాదు. పై బల్ల మీద కెప్టెన్ కూర్చుంటాడు. ఆ రోజు కాలిన రాళ్ల మీద నీళ్లు పోసి ఆవిరి లేపేది అతనే, ఒక మాట చెప్పేదీ అతనే. నా ముందు కెప్టెన్ ఒస్మో చెప్పేవాడు. అతనికి అంతకుముందు వాడెవడో చెప్పాడు. చొక్కా మీది కెప్టెన్ గుర్తుతో పాటు ఆ మాట కూడా నాకు వచ్చింది. నాలుగేళ్లుగా నేనే చెబుతున్నాను: "రేపు బొమ్మ కనబడ్డాక ఒకటి లెక్కపెట్టి నొక్కండి. మాటలు పది గుర్తుంటే ఏడే చెప్పండి. ఇప్పుడే నిదానంగా ఉంటే, దెబ్బ తగిలాక తేడా కనబడదు. ఎవడి చోటు వాడికి ఉంటుంది."

ఈ ఆగస్టులో నేనామాట అనగానే ఇల్మారి కింది బల్ల మీంచి అడిగాడు: "అన్నా, మరీ వెధవల్లా కనబడమూ?" "నువ్వు మామూలుగా చేసెయ్‌రా, నీకది చాలు" అన్నాను. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది వాడే. 

అక్టోబరులో మొదటి దెబ్బ తగిలిన మర్నాడు వాడు బూటు తాడు కట్టుకోవడానికి వంగి, వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండిపోయాడు. నేను చూశాను. ఆరో రోజు పరీక్ష చేస్తే అంకెలు సరిపోయాయి. సరిపోవా మరి. నిజంగా తల తిరుగుతున్నవాడి అంకెలూ, ఆగస్టులో నటించినవాడి అంకెలూ ఒకటే అయ్యాయి. డాక్టరమ్మ కాగితం చూసి సంతకం పెట్టింది. నేను వాడి భుజం తట్టి, "వచ్చేశావా" అన్నాను. రెండు రోజుల తర్వాత రెండో దెబ్బ. చూడటానికి అది పెద్ద దెబ్బ కూడా కాదు.

విచారణలో నేను నోరు మెదపకపోతే సైమి డాక్టరమ్మ ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. చెబితే ఇల్మారి కూడా దొంగ పరీక్ష రాశాడని తేలుతుంది. వాడికి రావలసిన పరిహారానికి ఎవరేం అడ్డు పెడతారో తెలియదు. జట్టులో వాళ్లు నన్ను మళ్లీ నమ్ముతారనీ అనుకోను. నా సంగతి నేను చూసుకుంటాను. వాడి సంగతి మీరిద్దరూ చెప్పాలి. వద్దంటే చెప్పను. మీరు వద్దనాలని నాలో ఒక మూల కోరుకుంటున్నానని కూడా ఒప్పుకుంటున్నాను.

ఏరిక్


నవంబరు 21

ఏరిక్‌కి,

"ప్రియమైన" అని రాయడానికి చేయి రాలేదు. అబద్ధమాడటం నాకు ఇష్టం లేదు.

మీ ఉత్తరం చదివి కట్టెల కొట్టంలోకి వెళ్లాను. ఈ చలికాలమంతటికీ సరిపడా కట్టెలు కొట్టేశాను. మా నాన్న వచ్చి, "ఇంక చాల్లే అమ్మా, అడవిని కొంచెం ఉండనీ" అన్నాడు. మీరంతా ఒంటిమీద బట్టల్లేకుండా ఆవిరిలో కూర్చుని, ఇంట్లో పెళ్లాం పిల్లలున్న మగవాళ్లు, మీ తలలు మీరే పందెం కాశారు. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఇల్మారి కూడా చెప్పలేదు. అందుకే మీమీద కంటే తనమీదే ఎక్కువ కోపం నాకు. కాని తనమీద కోపం తెచ్చుకుంటే గట్టిగా అరవాలి, అరిస్తే తనకి తలనొప్పి. కాబట్టి మొత్తం మీకే రాస్తున్నాను.

రెండు రోజులు తనకి చదవలేదు. మూడో రోజు, "అన్న ఉత్తరం రాలేదా?" అని అడిగాడు. తనకి రోజులు సరిగా గుర్తుండటం లేదు, మా పాప పుట్టినరోజు మర్చిపోయాడు, మీరు రాసే ఉత్తరం మాత్రం గుర్తుంది. సరే అని చదివాను. ఒక్క మాట కూడా దాటెయ్యలేదు. అంతా విన్నాడు. తర్వాత, "నిజం చెప్పమను" అన్నాడు. "డబ్బులో?" అన్నాను. "మనకు రాకపోతే రాకపోనీ. డాక్టరమ్మ నా మొహం మీద టార్చిలైటు వేసి మూడుసార్లు అడిగింది, బాబూ నిజంగా బాగుందా అని. నేనే మూడుసార్లూ బాగుందన్నాను" అన్నాడు. ఆ తర్వాత ఇలా రాయమన్నాడు: "అన్నా, నువ్వు చెప్పకపోయినా నేను లెక్కపెట్టే నొక్కేవాణ్ణి. ఆ ఏడుపు నువ్వు ఏడవకు."

ఇది నిజమో, మీ మనసు తేలిక చెయ్యడానికి అన్నాడో నాకు తెలియదు. నేనైతే మీ మనసు తేలిక చెయ్యను. వెళ్లి చెప్పండి.

హెన్రీకా


కైస్లారంత,
డిసెంబరు 4

ప్రియమైన ఇల్మారీ, హెన్రీకా,

చెప్పాను.

హెల్సింకీలో మూడో అంతస్తులో ఒక గది, ముగ్గురు పెద్దమనుషులు, ఎవరూ ముట్టుకోని దాల్చినచెక్క రొట్టెలు. డాక్టరమ్మ గోధుమరంగు కోటు విప్పకుండా నా పక్కన కూర్చుంది. నేను ముందురోజు రాసుకున్న కాగితం తీసి, మధ్యలో ఆగకుండా చదివాను: ఆవిరిగది, పై బల్ల, ఒకటి లెక్కపెట్టి నొక్కమన్నది. ఆవిడను మేమందరం మోసం చేశామని, ఆవిడ తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదని చెప్పి కూర్చున్నాను. ఎంతో గొప్ప పని చేసినట్టు ఒక్క నిమిషం అనిపించింది కూడా.

అప్పుడు పెద్దాయన, "మీరేమైనా చెబుతారా?" అని ఆవిడను అడిగాడు. ఆవిడ నావైపు తిరిగింది.

"ఏరిక్ బాబూ, నువ్వు కూర్చో, నన్ను చెప్పనియ్యి" అంది, నేను కూర్చునే ఉన్నా. "వీళ్ల గోలీ ఉన్నాడండీ, రదోస్లావ్. తూటాలాగ వచ్చే పక్‌ని గాల్లో చేత్తో పట్టేస్తాడు. అదే మనిషి నా కంప్యూటరు ముందు కూర్చుంటే మా అమ్మకంటే నిదానంగా నొక్కుతాడు. మా అమ్మకి ఎనభై ఒకటి. నాకు చదవడం రాదనుకున్నారా వీళ్లు? నాలుగేళ్లుగా నాకు తెలుసు."

"తెలిసీ సంతకం ఎందుకు పెట్టారు?"

"పెట్టనంటే పెట్టే డాక్టరును తెచ్చుకుంటారు. నేనుంటే కనీసం కనిపెట్టుకుని ఉంటాను కదా అనుకున్నాను. కనిపెట్టుకోలేదు. అందుకని నన్ను ఇందులోంచి తప్పించకండి."

 బయటికొచ్చాక స్టేషన్ దాకా ఇద్దరం కలిసే నడిచాం. "మీకు తెలుసని మాకొక్క మాట చెప్పొచ్చుగా డాక్టరమ్మా" అన్నాను. "మీరు మానేస్తారేమోనని ప్రతి ఆగస్టూ ఎదురుచూశాను" అంది. 

తీర్పు ఇది. ఆవిడ ఈ సీజను చివర దిగిపోతుంది. నా కెప్టెన్ గుర్తు తీసేశారు. ఇల్మారీ, నీ పరిహారం నీకు వస్తుంది. దెబ్బ తగిలిన మనిషి మాట మీద ఆధారపడటం పద్ధతిలోనే లోపమని రాశారు. ఆ వాక్యం నేను రెండుసార్లు చదువుకున్నాను. ఇంకా, జట్టు మొత్తం పరీక్ష మళ్లీ రాయాలి, బయటి మనిషి చూస్తుండగా.

డ్రెస్సింగ్ రూములో రెండు రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. పరీక్ష ముందురోజు ఆవిరిగదిలో కింది బల్ల మీద కూర్చున్నాను. పై బల్ల ఖాళీగా ఉంది. ఎవరూ ఎక్కలేదు. చివరికి రదోస్లావ్ తన వచ్చీరాని ఫిన్నిష్‌లో, "నువ్వే చెప్పు, ఏరిక్. చెడ్డది చెప్పావు, మంచిది కూడా నువ్వే చెప్పు" అన్నాడు. కింది నుంచే చెప్పాను. "లెక్కపెట్టకండి. కనబడగానే నొక్కండి." ఎవడో మూలనుంచి, "ఇన్నేళ్లూ లెక్కపెట్టీ పెట్టీ అదే అలవాటైపోయిందయ్యా" అన్నాడు. అప్పుడు కాస్త నవ్వారు.

నిన్న పరీక్ష అయింది. అంకె ఎంత తక్కువైతే అంత చురుకు. రదోస్లావ్‌కు ఆగస్టులో అరవై రెండు, నిన్న నలభై మూడు. మిగతావాళ్లందరికీ పదో పదిహేనో తగ్గాయి. ఒక్కొక్కడూ అద్దంలో కొత్త మొహం చూసుకున్నట్టు బయటికొచ్చాడు. నా వంతు ఆఖరున వచ్చింది. కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. బొమ్మ కనబడిన ప్రతిసారీ, ఫైనల్లో ఆఖరి నిమిషంలో ఉన్నట్టు, ఒంట్లో ఉన్న వేగమంతా వేలిలోకి తెచ్చుకుని నొక్కాను. ఎప్పుడూ అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని ఏ పనీ చెయ్యలేదు.

డాక్టరమ్మ కాగితం చూసి, "ఇంకొక్కసారి చేస్తావా బాబూ" అంది. చేశాను. "కాస్త కాఫీ తాగి రా" అంది. తాగి వచ్చి మూడోసారి చేశాను. అప్పుడు కాగితం నావైపు తిప్పింది. ఆగస్టులో, ఒకటి లెక్కపెట్టి నొక్కితే, అరవై ఒకటి. నిన్న మూడుసార్లలో మంచిది అరవై మూడు. మాటలు పదికి పదీ చెప్పాలని కూర్చున్నాను. ఆరే చెప్పాను.

"ఆగస్టులో నిజంగానే లెక్కపెట్టావా?" అని అడిగింది. లెక్కపెట్టాననే అన్నాను. ఇంటికొచ్చి రాత్రి భోజనాల దగ్గర దాని గురించే ఆలోచించాను. పోయినేడు లెక్కపెట్టానా? అంతకుముందు? నేను ఏ సంవత్సరంలో నటించడం మానేశానో నాకు తెలియదు, ఇల్మారీ. ఇన్నేళ్లలో ఎన్ని దెబ్బలు తిన్నానో, ఎన్నిసార్లు అంకెలు సరిపోయాయని లేచి వెళ్లానో, ఏదీ ఎక్కడా లేదు. దాచిపెట్టింది నేనే కాబట్టి అడగడానికి కూడా ఎవరూ లేరు.

మా ఆవిడకు చెప్పాను. అరవలేదు. నాలుగేళ్లుగా నేను కారు తాళాలు ఎక్కడ పెట్టానో తానే వెతికి ఇస్తున్నానని మాత్రం అంది. సోమవారం కుయోపియోలో మెదడు డాక్టరును కలుస్తాం. ఇక ఆడను. నేనడగలేదు, సైమి డాక్టరమ్మే రాసి ఇచ్చింది. ఈసారి ఆ సంతకానికి నేను అడ్డం పడలేదు.

హెన్రీకా, ఇది చదివేటప్పుడు నీకు నామీద జాలి కలిగితే, వద్దు. నీ కోపమే ఉంచు. దానికి నేను అర్హుణ్ణి. ఇల్మారి మాత్రం ఎంత చిరాకు పడ్డా సరే, డాక్టరు చెప్పిన రోజులన్నీ ఆ గదిలోనే ఉండేలా చూడు. వాడికింకా ఇరవై తొమ్మిదే. వాడి అసలు అంకె ఎంతో వాడు తెలుసుకోవాలి. నాది ఎంత ఉండేదో నాకు ఇక తెలియదు.

మీ
ఏరిక్