గోడ అవతలి రాయి

సమోసిర్,
జూన్ 9, 1994.

తమ్ముడు మంగిహుత్‌కు అక్క రుమొందాంగ్ హొరాస్ చెప్పి రాయునది.

దేవుని కృపవల్ల ఇక్కడ మేమందరం తిరుగుతూ, తింటూ, పని చేసుకుంటూ ఉన్నాం. జకార్తాలో నువ్వు, మరదలు, పిల్లలు కులాసా అని నీ ఉత్తరంలో చూసి స్తోత్రం చెప్పుకున్నాను. మీ బావకు దగ్గు తగ్గింది. కల్లు సాయంత్రానికి ఒక్క గ్లాసే అంటాడు. ఆ గ్లాసు ఎంతదో మాత్రం చూపించడు. నారు పోశాం. లమ్రియా కూతురికి మగపిల్లవాడు పుట్టాడు, తల్లీబిడ్డా బాగున్నారు.

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. కోపంలో కలం పట్టకూడదని వెంటనే రాయలేదు. రోజూ ప్రార్థనలో ఆ కోపాన్ని ప్రభువు ముందు పెట్టాను. ఆయన తీసుకోలేదు. నా దగ్గరే ఉంచదలచాడని రాస్తున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబు. జులైలో కొత్త తుగులోకి, మన వంశం అందరికీ కట్టే ఆ పెద్ద సమాధిలోకి, ఎత్తవలసిన ఎముకలు ఎన్ని సమాధుల్లో ఉన్నాయని అడిగావు. కొండమీదికి వెళ్లి చూశాను. గోడ లోపల మట్టి దిబ్బలు నాలుగు, ముత్తాత ఎముకలున్న రాతి తొట్టె ఒకటి, నాయనమ్మ సిమెంటు సమాధి ఒకటి. తొట్టె మూత మీద పాత లిపిలో ముత్తాత పేరు మాత్రమే ఉంది, తేదీ లేదు. తాత బాప్తిస్మం 1904లో అయిందని చర్చి రిజిస్టరులో దొరికింది. కాగితం పసుపుపచ్చబడింది గాని అక్షరం చెరగలేదు.

నాయనమ్మ పేరు నువ్వు అడగలేదు. నీ వంశావళి పుస్తకంలో ఆమె గడిలో పుట్టింటి వంశం పేరు రాసి ఊరుకున్నావు. ఆమెకూ ఒక పేరుంది. అదీ రిజిస్టరులో ఉంది. పింతా. రాసుకో. నేనూ, లమ్రియా, సావులినా, ముగ్గురు అక్కచెల్లెళ్లం ఆ పుస్తకంలో ఎక్కడా లేం. దానికి నాకు కోపం లేదు. ఉందేమో, అది ఇంకోరోజు.

ఇక నీ ఆఖరి మాట. "గోడ అవతల పేరులేని రాయి ఒకటి ఉంది కదా, అది మన లెక్కలోకి రాదు. తుగు మెట్లు అటునుంచే రావాలి, చదును చేయించండి" అని రాశావు.

ఆ రాయి కింద ఉన్నది తియమ్సా అత్త. నీకు తెలియదా? ఆమె పోయిననాటికి పద్దెనిమిదేళ్లవాడివి. ఆ పెట్టెకు ఒక మూల భుజం పట్టింది నువ్వే. నాన్నకు తోడబుట్టింది. అమ్మ పొలానికి వెళితే నిన్ను ఎడమ నడుం మీద వేసుకుని తిప్పింది, కుడి చెయ్యి బరువు ఆనేది కాదు గనక. అన్నం నమిలి నీ నోట్లో పెట్టింది. అలాంటి మనిషిని పేరులేని రాయి అని రాయడానికి నీ చెయ్యి ఎలా వచ్చింది?

ఆచారం నాకూ తెలుసు. పెళ్లయిన ఆడపిల్ల మొగుడి వంశం సమాధిలోకి వెళ్లాలి. మొగుణ్ని వదిలి పుట్టింటికి వచ్చేసిన మనిషి కనక మనవాళ్లు గోడ అవతల పెట్టారు. అయినా ఆమె మొగుడి ఊరికి లమ్రియాను పంపి అడిగించాను. "వెళ్లిపోయిన మనిషి, మాకేం సంబంధం?" అన్నారట. రెండు వంశాలు ఇన్నేళ్లలో ఒక్కమాట మీద నిలబడింది ఇక్కడే.

నువ్వు నాకు రాసినరోజే మార్కుస్ చిన్నాన్నకు కూడా రాశావు. నాన్నకు పినతండ్రి కొడుకైన మనిషికి, అత్తంటే నాకున్న బాధ ఉండాలని అనను. కాని విను. పోయిన గురువారం పొద్దున మేస్త్రీ టోగర్ మా వాకిట్లోకి వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, మెట్లకు తవ్వుతుంటే గునపం పెట్టెలో దిగింది. చెక్కంతా పుచ్చిపోయింది. ఎముకలు పైకొచ్చాయి. పెద్దాయన్ని అడిగితే గోనెసంచిలో వేసి పునాదిలో పడెయ్యమన్నాడు. నాకు చేతులు రాలేదమ్మా."

వెళ్లాను. చిన్నాన్న సిమెంటు బస్తా మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"ఈ ఎండలో నువ్వెందుకొచ్చావే? మోకాళ్ల నొప్పులన్నావుగా?"

"నొప్పులు అలాగే ఉన్నాయి చిన్నాన్నా. ఆ సంచి ఇవ్వండి."

"ఇస్తే ఏం చేస్తావు? తుగులో పెడతావా? ఊరు నవ్వుతుంది. మొగుడి దగ్గర కాపురం చెయ్యలేనిది తాతముత్తాతల దగ్గర చేస్తుందా?"

ఇద్దరు కూలీలు నవ్వారు. టోగర్ నవ్వలేదు.

"చిన్నాన్నా, జులైలో విందుకు వంట ఎవరిది?" అన్నాను.

"ఎవరిదేంటి? ఆడపడుచులది, అల్లుళ్లది. ఎప్పుడైనా అది మీ పనేగా."

"పుస్తకంలో మేం లేం. లేనివాళ్లకు చేతులెక్కణ్నించి వస్తాయి?"

"బెదిరిస్తున్నావా?"

"అయ్యో, లేదు. పందుల్ని మీరే కోసుకోవాలి, మీరే వండుకోవాలి, వడ్డించుకోవాలి. పెద్ద గిన్నెలు ఎక్కడున్నాయో ఇప్పుడే చూపిస్తాను, అప్పుడు వెతుక్కోకుండా."

ఆయన కాఫీ పారబోశాడు. నేను సంచి తీసుకుని వచ్చేశాను. గోనెసంచి, తమ్ముడూ. వడ్లు పోసేది.

నేనూ సావులినా పెరట్లో చాప పరచి, పసుపునీళ్లతో, నిమ్మరసంతో ఒక్కొక్క ఎముకా కడిగాం. కుడి చేతి ఎముక దగ్గర సావులినా ఆగిపోయింది. మోచేతి నుంచి చిటికెనవేలి వైపు దిగే ఎముక. రెండుచోట్ల విరిగి, వంకరగా అతుక్కుని ఉంది. చిన్నప్పుడు మామిడిచెట్టు మీంచి పడిందని మన ఇంట్లో చెప్పుకునే మాట. నువ్వు ఆ చేతిని వంకర గరిటె అనేవాడివి, ఆమె కూడా నవ్వేది.

మన సావులినా ఇరవై ఏళ్లు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది కదా. ఆ ఎముకను వెలుతురులో తిప్పి చూసి చెప్పింది. "అక్కా, చెట్టు మీంచి పడితే మణికట్టు దగ్గర విరుగుతుంది. ఇది దెబ్బకు మొహానికి అడ్డం పెట్టిన చెయ్యి. అదీ రెండుసార్లు. మొదటిది అతుక్కున్నాక రెండోది."

అది ఏడ్చింది. నేను ఏడవలేదు. ఎందుకో రాయాలి. ఇది ఎవరికీ చెప్పలేదు, పాస్టరుగారికి కూడా.

నాకు ఆరేళ్లు. అత్త చేతికి ఆకుకట్టు కట్టించుకుని పుట్టింటికి వచ్చింది. రెండునెలలు ఉంది. కట్టు విప్పగానే నాన్న ఆమెను మళ్లీ పడవ ఎక్కించాడు. పుట్టింటి మర్యాదకు బియ్యం, పసుపు వేసి వండిన చేప కూడా సర్దించాడు. నేను అత్త ఒళ్లో కూర్చున్నాను. పడవ అవతలి ఒడ్డుకు చేరింది. ఆమె దిగలేదు. నా చెయ్యి పట్టుకుంది.

నాన్న అన్నాడు, "పిల్లను వదులు తియమ్సా. నలుగురూ చూస్తున్నారు, పరువు తియ్యకు."

ఆమె వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది. నాకు నొప్పి పుట్టింది. చెయ్యి లాక్కున్నాను. అప్పుడు లేచి దిగిపోయింది.

అయిదు నెలలకు ఒక్కతే తిరిగొచ్చింది, ఆ చెయ్యి అలా వేలాడేసుకుని. ఈసారి నాన్న పంపలేదు. మామిడిచెట్టు మాట ఆయనే పుట్టించాడు. యాభై ఏళ్లు దాన్ని పెంచింది నేను. నీకు చెప్పిందీ నేనే. పోయేముందు అత్త, తనను కన్నతల్లి పక్కన పెట్టమని అడిగితే నాన్న తల ఊపాడు. పెద్దలు గోడ అవతల గొయ్యి తవ్విస్తుంటే ఆయన నోరెత్తలేదు. నేను పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూ ఉన్నాను. నీ మీద ఉన్న కోపంలో ఎంత భాగం నా మీదిదో దేవుడే విడదీయాలి.

ఇక ఈ సోమవారం జరిగింది చెబుతాను. నీ అనుమతి కోసం కాదు, తెలియాలని.

మనిషి పుట్టింటివాళ్లు మొదటి పలుగు వేయకుండా సమాధి తెరవకూడదు. అందుకని నాయనమ్మ పుట్టింటి పెద్ద సహలా మామకు కబురు చేశాను. ఎనభై ఒక్క ఏళ్ల మనిషి, ఉలోస్ శాలువా భుజాన వేసుకుని తొలి పడవలో దిగాడు.

"ఎవరి కోసం పిలిచావమ్మా?"

"నాయనమ్మ కోసం మామా. ఆమె కూతురి కోసం."

"మీ మగాళ్లు ఒప్పుకున్నారా?"

"అడగలేదు."

దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "మంచిపని చేశావు. అడిగితే ముందు ఉపన్యాసం, తర్వాత కాఫీ, ఆ తర్వాత వచ్చేనెల రమ్మనేవాళ్లు."

కీర్తన చదివాను. మామ మొదటి పలుగు వేశాడు. మీ బావ, టోగర్ కలిసి సిమెంటు పలక ఎత్తారు. నాయనమ్మను పైకి తెచ్చి కడిగాం. తర్వాత తల్లినీ కూతుర్నీ ఒకే పెట్టెలో పెట్టాను. పక్కపక్కన కాదు. కలిపి. మామ పైన శాలువా కప్పి, అందరికీ వినపడేలా అన్నాడు: "ఈమె మా ఆడపడుచు, ఇది ఆమె కన్న పిల్ల. ఈ గుడ్డ కప్పింది మేము. తియ్యాలనుకున్నవాడు మా ఎదుట తియ్యాలి."

సాయంత్రం చిన్నాన్న మా ఇంటికి వచ్చి అరిచాడు. "పెట్టె తెరువు! ఎవరి ఎముకలు వాళ్లవి వేరుచెయ్యి!"

"నాకు చేతకాదు చిన్నాన్నా. తల్లీకూతుళ్లు."

"తుగు పని ఆగిపోతుంది, తెలుస్తోందా నీకు?"

"పోనీండి. వాళ్లకేం తొందర లేదు."

మంగిహుత్, నాయనమ్మ లేకుండా నీ తుగు లేదు. ఆమె పుట్టింటివాళ్లు రాకపోతే ఆరోజు దీవెన చెప్పడానికి నోరు లేదు. ఆడపడుచులు రాకపోతే పొయ్యి వెలగదు, ఎముకల బుట్టలు మోయడానికి తల దొరకదు. లమ్రియా, సావులినా, పినతండ్రుల కూతుళ్లు పదకొండుమంది, నా మాటే తమ మాటని చెప్పారు. పెట్టె మూత మీద టోగర్ చేత ఇలా రాయించాను: పింతా, ఆమె కూతురు తియమ్సా. తుగు రాతి మీదా, నీ పుస్తకంలోనూ అదే రావాలి. చిన్న అక్షరాలు కూడదు.

నీ కోసం రోజూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను. కోపంతోనే చేస్తున్నాను. ఆయన వింటున్నాడనే నమ్ముతున్నాను.

ఆ పేర్లు రాయిస్తానని జవాబు రాస్తే, ఆ పెట్టె నేనే నెత్తిన పెట్టుకుని కొండెక్కుతాను, మోకాళ్లు ఎలా ఉన్నా సరే. వేరుచేయించాలనుకుంటే ఎవరినీ పంపకు. నువ్వే రా. సహలా మామను పిలిపిస్తాను. ఆయన ఎదుట, మా ఎదుట, ఆ శాలువా నీ చేత్తో తియ్యి. నేను అడ్డు రాను.

ఇట్లు,
నీ పెద్దక్క
రుమొందాంగ్